సోయా చేలో మందు ఎక్కడ పడుతోంది?



ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల నల్లరేగళ్లలో సోయా చిక్కుడు ఇప్పుడు పూత దాటి పిందె పట్టే దశలో ఉంది. జూన్ వానలకు విత్తిన పైరు సాళ్లు కమ్ముకుంది. గట్టు మీద నిలబడి చూస్తే ఎక్కడా నేల కనపడదు, చేను కళకళలాడుతుంటుంది. తెగుళ్లు అందుకునేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూడకపోతే చాలు, "ఏం మందు కొట్టాలె సార్" అని ఫోన్లు మొదలవుతాయి. పేరు చెప్తాం, రాసుకుంటారు, తెచ్చుకుని కొడతారు. పది రోజులకు మళ్లీ ఫోను: "కొట్టినం సార్, పని చెయ్యలే."

ఈ రెండో ఫోను గురించి ఈ పూట మాట్లాడుకుందాం. మందు పని చేయలేదనగానే డబ్బా నకిలీదేమో అన్న అనుమానం ముందు వస్తుంది. అలాంటివి లేకపోలేదు. తెగులును సరిగ్గా పోల్చుకోకపోవడం ఇంకొకటి. ఆకులు పసుపు పచ్చగా మారే పల్లాకు తెగులు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. దానికి తెగులు మందు ఎంత కొట్టినా దండగే. మొదలు దగ్గర కుళ్లి మొక్క నిలువునా ఎండిపోయే తెగులుకు మూలం భూమిలో ఉంటుంది, ఆకుల మీద కొట్టి దాన్ని ఆపలేం. ఈ రెండూ పక్కన పెట్టండి. తెగులు సరిగ్గానే గుర్తించాం, మందు మంచిదే, మోతాదూ సరిగ్గానే కలిపాం. అయినా పని చేయలేదంటే, నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ మందు ఏ ఆకు మీద పడింది?

తుప్పు తెగులు సంగతి చూడండి. పొరుగున సాంగ్లీ, కొల్హాపూర్, బెళగావి ప్రాంతాలు ఈ తెగులుకు పేరుపడ్డాయి. అక్కడి రైతులకు దీని దెబ్బ బాగా తెలుసు. ఆకు ఆరు గంటలకు పైగా తడిగా ఉండి, వాతావరణం చల్లగా ఉంటే దీని సిద్ధబీజం మొలకెత్తి ఆకులోకి దిగుతుంది. మరి చేలో ఎక్కువసేపు తడి ఆరకుండా ఉండేది ఎక్కడ? పైన ఉన్న ఆకు గాలికి, ఎండకు గంటలో ఆరిపోతుంది. కింద, గుబురు లోపల, మధ్యాహ్నమైనా చెమ్మ పోదు. అందుకే తుప్పు ముందుగా కింది ఆకుల్లో మొదలవుతుంది. అది కూడా ఆకు అడుగు వైపున, చిన్న చిన్న గోధుమరంగు పొక్కుల్లా. వేలితో రాస్తే పొడి అంటుతుంది. అక్కడి నుంచి మధ్య ఆకులకు, ఆ తర్వాత పైకి ఎక్కుతుంది. పై ఆకు మీద మచ్చ మన కంటపడే సరికి కింద సగం పని అయిపోయి ఉంటుంది. ముసురులో ఆకులను ఉడకబెట్టినట్టు చేసే రైజోక్టోనియా తెగులు కూడా గుబురు లోపలే పుడుతుంది. కాయల మీద నల్ల మచ్చలు వేసే తెగులుదీ అదే దారి, ఎందుకంటే సోయా కాయలు కాండం పొడవునా ప్రతి కణుపు దగ్గరా, కింది నుంచీ ఉంటాయి.

ఇప్పుడు మనం మందు కొట్టే తీరు చూద్దాం. పై నుంచి కొడతాం. పై ఆకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని గొడుగు పట్టినట్టు ఉంటాయి. ఒక్కో రెమ్మకు మూడేసి వెడల్పాటి ఆకులు, వాటి మీద సన్నని నూగు. బాగా ఎదిగిన సోయా చేలో ఆకులన్నీ కోసి నేల మీద పరిస్తే, అదే చేను మీద అయిదారు వరసలు పరచవచ్చు. మనం వదిలిన మందులో పెద్ద వాటా మొదటి వరసే పట్టేసుకుంటుంది.

"అంతర్వాహిక మందు కదా సార్, పైన పడితే అదే కిందికి దిగుతుంది" అని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. మన దగ్గర సోయాకు వాడే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్, టెబుకొనజోల్, పైరాక్లోస్ట్రోబిన్ లాంటి మందులు ఆకులోకి ఇంకుతాయి, నిజమే. కానీ ఇంకిన మందు నీళ్లు పోయే దారినే పోతుంది. ఆ దారి ఆకు మొదలు నుంచి కొనల వైపే. కొన్ని ఆకు పైపొర నుంచి అడుగు పొరకు కొంత చేరతాయి. పై ఆకులో పడిన మందు కాండంలోకి వచ్చి, కిందికి దిగి, కింది ఆకును కాపాడటం మాత్రం జరగదు. సల్ఫర్, మాంకోజెబ్ లాంటి పైపూత మందులైతే ఆ కొద్ది కదలిక కూడా ఉండదు, పడ్డచోటనే ఉంటాయి. కింది ఆకుకు మందు కావాలంటే చుక్క కింది ఆకు మీదే పడాలి.

ఇది మాటతో చెబితే నమ్మడం కష్టం. కంటితో చూస్తే మరిచిపోరు. నీటికి రంగు మారే పసుపు కాగితాలు ఉంటాయి. తడి తగిలిన ప్రతి చోటా నీలి చుక్క పడుతుంది. పిందె దశలో ఉన్న ఒక చేలో రైతులను వెంట పెట్టుకుని ఇవి కట్టాం. ఒక వెదురు పుల్లకు మూడు ఎత్తుల్లో, పైన, నడుమ, జానెడు ఎత్తులో కింద. ప్రతి చోటా ఒక కాగితం ఆకాశం వైపు, ఒకటి నేల వైపు తిప్పి పెట్టాం. ఊళ్లో రోజూ మందు కొట్టే కుర్రవాడే, ఎప్పుడూ కొట్టినట్టే, వట్టి నీళ్లతో కొట్టాడు. పుల్లలు పీకి గట్టు మీద వరసగా పరిచాం. పై కాగితం మొత్తం నీలమైపోయింది, చుక్కలు కలిసిపోయి అంచున నీరు కారిన జాడ కూడా ఉంది. నడిమి దాని మీద చుక్కలు చెదురుమదురుగా ఉన్నాయి. కింది కాగితం ఎండకు తిప్పి తిప్పి చూస్తే గానీ చుక్కలు దొరకలేదు. ఇక నేల వైపు తిప్పిన కాగితాలు, అంటే తుప్పు పొక్కు పుట్టే ఆకు అడుగు, కొత్తవి తీసినట్టే పసుపు పచ్చగా ఉన్నాయి. చూసిన ఒక పెద్దాయన, "అంటే మనం రోగం లేని ఆకుకు మందు పోసినం" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఈ కాగితాలు దొరకకపోతే తెల్ల కాగితం ముక్కలు చాలు. నీళ్లలో బట్టలకు పెట్టే నీలం కాస్త కలిపి, చేలో ఒక మూలన అయిదు నిమిషాలు కొట్టి చూసుకోండి. తెగులు మందుకు చదరపు సెంటీమీటరుకు, అంటే చిటికెన వేలి గోరంత చోటులో, 50 నుంచి 70 చుక్కలు పడటం మంచి లెక్క. పురుగు మందుకు 20, 30 చాలు, ఎందుకంటే పురుగు నడుస్తుంది, తింటుంది, ఎక్కడో ఒకచోట మందును తాకుతుంది. సిద్ధబీజం కదలదు. అది పడిన చోటికే మందు వచ్చి ఉండాలి.

చుక్క సైజు సంగతి కొంచెం ఓపిగ్గా వినండి, ఖర్చు లేని మెళకువ ఇందులోనే ఉంది. చుక్కను మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. 400 మైక్రాన్ల లావు చుక్క ఒకటి పగిలితే అదే నీటితో 200 మైక్రాన్ల చుక్కలు 8 వస్తాయి, 100 మైక్రాన్లవైతే 64 వస్తాయి. అంటే సన్నగా కొడితే అంతే మందుతో ఎక్కువ చోటు కప్పవచ్చు. అయితే పొగమంచులా కొట్టేద్దామా? అక్కడే చిక్కు. 400 మైక్రాన్ల చుక్క 3 మీటర్ల ఎత్తు నుంచి నేలకు రెండు సెకన్లలో దిగుతుంది. 100 మైక్రాన్లదానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో గాలి దాన్ని పక్క చేలోకి తోసుకుపోతుంది, లేదా దారిలోనే ఆరిపోతుంది. అంత తేలిక చుక్కకు ఆకుల మధ్య నుంచి లోపలికి దూరే బలం కూడా ఉండదు. మరీ లావు చుక్క ఆకు మీద నుంచి దొర్లి నేలపాలవుతుంది. అందుకే చేతి పంపుకైనా ట్రాక్టర్ స్ప్రేయరుకైనా 200 నుంచి 300 మైక్రాన్ల నడిమి రకం చుక్క సోయాకు బాగా కుదురుతుంది.

ఒత్తిడి పెంచితే మందు లోపలికి దూసుకుపోతుందని అనుకుంటారు. అలా జరగదు, చుక్క ఇంకా సన్నబడి గాలికి పోతుంది. నాజిల్ నుంచి వచ్చే నీరు రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు కావాలి. అంతకన్నా తగిన నాజిల్ మార్చుకోవడం మేలు. తెగులు, పురుగు మందులకు గుండ్రంగా, నడుమ బోలుగా జల్లు పడే కోన్ నాజిల్ వాడండి. కలుపు మందు కొట్టిన వెడల్పు జల్లు నాజిల్‌తోనే ఇదీ కానిచ్చేయకండి. నాజిల్ అరిగిపోతుంది కూడా. కొత్తదానితో పోలిస్తే నిమిషానికి పదో వంతు ఎక్కువ నీళ్లు వదులుతుంటే దాన్ని మార్చేయాలి. వేల రూపాయల మందు అరిగిన నాజిల్‌లోంచి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నీళ్ల దగ్గరికి వద్దాం. ఇండోర్‌లో సోయా మీదే పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల సలహా ప్రకారం భుజాన వేసుకునే మామూలు పంపుతో హెక్టారుకు 500 లీటర్ల దాకా నీళ్లు, గాలితో విసిరే పవర్ స్ప్రేయర్‌తో 125 లీటర్ల దాకా పోయాలి. ఎకరం లెక్కన 200 లీటర్లు, 50 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకుతో 200 లీటర్లంటే పన్నెండున్నర ట్యాంకులు. మన చేలల్లో ఎన్ని పడుతున్నాయో మీకు తెలుసు. నాలుగు, అయిదు. ఎందుకంత తేడా? ఒక చిన్న లెక్క వేద్దాం. సాలుకు సాలుకు మధ్య 45 సెంటీమీటర్లు పెట్టి విత్తిన ఎకరంలో సాళ్లన్నీ ఒకదాని కొసన ఒకటి కలిపితే 9 కిలోమీటర్లు. నిమిషానికి 700 మిల్లీలీటర్లు వదిలే నాజిల్‌తో, నిమిషానికి 30 మీటర్లు నడుస్తూ, ఒక్కో సాలు కొట్టుకుంటూ పోతే అయిదు గంటలు పడుతుంది, 210 లీటర్లు పోతాయి. అదే మనిషి లాన్సును అటూ ఇటూ ఊపుతూ ఒక్క నడకలో నాలుగు సాళ్లు కొడితే గంటం పావులో ఎకరం అయిపోతుంది, నీళ్లు 50 లీటర్ల పైచిలుకు. తేడా అంతా నడకలో ఉంది. తొమ్మిది కిలోమీటర్లు, పదహారు కిలోల బరువు వీపున, నల్లరేగడి బురదలో. కొట్టేవాడిని తప్పుపట్టే మాట నేను అనను. రెండు నాజిళ్ల లాన్సు బిగించి, రెండేసి సాళ్లు పట్టుకుంటే రెండున్నర గంటల్లో, నాలుగున్నర కిలోమీటర్ల నడకతో, అవే 200 లీటర్లు పడతాయి. మంచి బ్యాటరీ పంపు దీన్ని లాగగలదు. ఇది మన చేతిలో ఉన్న పని.

నీళ్లు తగ్గినప్పుడు జరిగే ఇంకో పొరపాటు దీనికన్నా పెద్దది. ప్రోపికొనజోల్ లీటరుకు 1 మిల్లీలీటరు అని చెప్తే, అది ఎకరానికి 200 లీటర్ల నీళ్ల లెక్క. అంటే ఎకరానికి 200 మిల్లీలీటర్ల మందు. మీరు నీళ్లు 50 లీటర్లే పోసి, లీటరుకు 1 మిల్లీలీటరే కలిపితే ఎకరానికి పడింది 50 మిల్లీలీటర్లు. పావు మోతాదు. తెగులు చావదు సరికదా, మందుకు అలవాటు పడే రకాలు మిగులుతాయి. పవర్ స్ప్రేయర్ వాడినా ఏది వాడినా మందును ఎకరం లెక్కన కొలవండి, నీళ్లు పరికరాన్ని బట్టి పోయండి.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. 2004 నవంబరులో అమెరికా ప్రధాన భూభాగంలో సోయా తుప్పు మొట్టమొదటిసారి లూసియానా రాష్ట్రంలో కనపడింది. అక్కడి కోట్ల ఎకరాల సోయాకు అంతవరకు తెగులు మందు కొట్టే అలవాటు తక్కువ. కలుపు మందులకు సరిపోయేలా తయారైన పెద్ద పెద్ద ట్రాక్టర్ స్ప్రేయర్లతో గుబురు అడుగుకు మందు ఎలా చేర్చాలన్న ప్రశ్న వచ్చింది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎర్డాల్ ఓజ్కాన్, ఆయన తోటి ఇంజనీర్లు రకరకాల నాజిళ్లను, యంత్రాలను సోయా చేలల్లో పోల్చి చూశారు. గాలి ఊదుతూ మందు విసిరే యంత్రాలు కింది ఆకులకు బాగా చేర్చాయి. గాలి యంత్రం లేనివాళ్లకు ఇంకో ఉపాయం కూడా పనికొచ్చింది. నాజిళ్ల ముందు ఒక అడ్డ గొట్టం కట్టి, అది పై ఆకులను ముందుకు వంచుతూ పోతే, ఆ తెరుచుకున్న సందులోకి నాజిల్ మందు వదులుతుంది. ట్రాక్టర్ బూమ్ స్ప్రేయర్ ఉన్న మన రైతులు ఈ గొట్టం ఉపాయం మీద ఊరి వెల్డింగ్ షాపులో ఆలోచించవచ్చు. పైరు విరగకుండా ఎంత వంచాలో చూసుకోవాలి, అంతే. భుజం పంపుతో కొట్టేవాళ్లం అదే సూత్రం చేత్తో పాటించవచ్చు. నాజిల్‌ను పైరు మీద ఊపకుండా, సాళ్ల నడుమకు దించి, కాస్త పైకి తిప్పి పట్టుకుంటే ఆకు అడుగుకు కూడా చుక్క తగులుతుంది.

ఈ మధ్య అందరూ అడిగేది డ్రోను గురించి. 2023లో కేంద్ర ప్రభుత్వం డ్రోన్ దీదీ పథకం తెచ్చింది. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. మన ఆడపడుచులు ఆ రిమోట్ పట్టుకుని చేను కొడుతుంటే చూడటం నాకు ఎంతో సంతోషం. డ్రోనుతో మేలు ఏమిటంటే, బురదలో అడుగు పడని రోజున కూడా చేను మీద మందు పడుతుంది, మనిషి మందు జల్లులో నడవక్కర్లేదు, ఎకరం నిమిషాల్లో అయిపోతుంది. ముసురు మధ్య దొరికిన ఒక్క తెరిపి పూటలో ఊరంతా కొట్టేయవచ్చు. కానీ డ్రోను ఎకరానికి పోసేది 10 లీటర్లు, అదీ సన్నని చుక్కలుగా, పైరుకు రెండు మీటర్ల పైనుంచి. రెక్కల గాలి పై ఆకులను కొంత విదిలిస్తుంది గానీ, సాళ్లు పూర్తిగా కమ్ముకున్న సోయాలో అడుగుకు చేరే మందు తక్కువే. నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: పైరు ఇంకా కమ్ముకోక ముందు, పూత మొదట్లో ముందుజాగ్రత్తగా కొట్టేటప్పుడు డ్రోను మంచిదే. కింది ఆకుల్లో తెగులు కూర్చున్నాక డ్రోను మీదే భారం వేయకండి. వాడినప్పుడు మరీ ఎత్తున, మరీ వేగంగా పోనివ్వకండి. గాలి ఉన్న పూట వద్దనండి.

వేళ గురించి కూడా ఒక మాట. మిట్టమధ్యాహ్నం ఎండలో చుక్క ఆకును చేరకముందే ఆరుతుంది. తెల్లవారుజామున ఆకుల నిండా మంచు ఉంటే మందు పలచబడి కారిపోతుంది. మంచు కాస్త ఆరాక పొద్దున, లేదా సాయంత్రం పూట మంచిది. తర్వాత రెండు మూడు గంటలైనా వాన పడని తెరిపి చూసుకోండి. వానాకాలం సోయాకు జిగురు మందు కలపడం మంచి అలవాటే. సీసా మీద చెప్పినంతే కలపండి, ఎక్కువైతే చుక్క నిలవక జారుతుంది. పురుగు మందు, తెగులు మందు, నీళ్లలో కరిగే ఎరువు అన్నీ ఒకే ట్యాంకులో గుమ్మరించడం వద్దు. బకెట్‌లో కాస్త కలిపి విరిగిందో లేదో చూడకుండా కొట్టేస్తే నాజిల్ పూడుతుంది, ఆకు మాడుతుంది.

వచ్చే ఏడాది విత్తేటప్పుడే కొంత సర్దుకోవచ్చు. విత్తనం మరీ ఒత్తుగా పడితే గుబురు ముందే మూసుకుపోతుంది. కొన్ని సాళ్లకు ఒకసారి ఒక సాలు ఖాళీగా వదిలితే నడవడానికి దారి ఉంటుంది, గాలి ఆడుతుంది, మందు లోపలికి పోతుంది. ఒక సాలు పోయిందని బాధపడకండి. దారి లేక కొట్టలేకపోయిన చేను పోగొట్టేది అంతకన్నా ఎక్కువ.

చివరిగా కొట్టే మనిషి గురించి. 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎత్తుగా ఎదిగిన పైరులో, అప్పుడే కొట్టిన తడి ఆకులను తోసుకుంటూ ముందుకు నడవడం ప్రమాదం. నడుము దాకా ఎదిగిన సోయాలో కూడా ప్యాంటు తడిసి మందు చర్మంలోకి దిగుతుంది. గాలికి ఎదురు నడవకండి. లాన్సు పక్కకు పట్టి, కొట్టని పైరులో నడిచేట్టు సాలు ఎంచుకోండి. నిండు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. నాజిల్ పూడితే నోటితో ఊదే అలవాటు ఈ రోజుతో మానేయండి. సన్నని పాత టూత్‌బ్రష్ జేబులో పెట్టుకుంటే చాలు. పని అయ్యాక సబ్బుతో ఒళ్లు కడుక్కునే దాకా బీడీ, అన్నం ముట్టకండి. కూలికి పిలిచిన మనిషికి కూడా ఇవన్నీ చేను ఆసామే ఇవ్వాలి.

ఇంకొక్కటి. మీ పంపులో అంతకు ముందు 2,4-డి కలుపు మందు కొట్టి ఉంటే సోయా దాని వాసనకే ముడుచుకుపోతుంది. ట్యాంకు, గొట్టం, లాన్సు, నాజిల్ విడదీసి మూడుసార్లు కడిగాకే సోయాకు వాడండి. వీలైతే కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోండి. కడిగిన నీళ్లు వాగులో, చెరువులో, పశువులు తాగే కుంటలో కలపకుండా బీడు మీద పోయండి.

మీ చేలో రేపు పొద్దున ఒక మొక్కను చేత్తో పక్కకు తీసి, కింది ఆకు తిప్పి అడుగు చూడండి. పొక్కులున్నా లేకున్నా మీ మండల వ్యవసాయ విస్తరణ అధికారికి చెప్పి, తర్వాతే మందు సంగతి ఆలోచించండి.